కర్నూలు కాగితం

కర్నూలు,
14 జూన్ 1953

వదినకు సీత నమస్కారాలు.

కాబోయే వియ్యపురాలివని ఒక్క వాక్యం మర్యాదగా రాశాను. చాలు, ఇక మామూలుగా రాస్తాను.

మా ఊరు రాజధాని అవుతుందట. నెల రోజులుగా ఇక్కడ ఇదే గోల. కూరగాయలు తెచ్చే మునియక్క కూడా ‘రాజధాని వస్తాంది గదమ్మా, వంకాయలు ఇంక ఈ ధరకు యాడ దొరుకుతాయి’ అని గంప దించకముందే బెదిరిస్తోంది. ఆఫీసులన్నీ మద్రాసు నుంచి ఇక్కడికి దిగుతాయని, ఇళ్లు చాలక గుడారాలు వేస్తారని చెప్పుకుంటున్నారు.

అన్నయ్య రాశాడు. కోటలో, ప్రభుత్వం ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్లందరికీ ఒక కాగితం ఇచ్చారట. మద్రాసులోనే ఉండిపోతారా, కొత్త రాష్ట్రానికి వస్తారా, ఏదో ఒకటి రాసి ఆగస్టు ఆఖరులోగా సంతకం పెట్టాలట. ఇంత సంగతి జరుగుతుంటే నీ పోయిన ఉత్తరంలో ఊరగాయ గురించి రెండు పేజీలు రాశావు గాని ఈ మాట ఒక్కటి రాయలేదేం?

వచ్చెయ్యండి వదినా. మా వీధిలోనే ఒక ఇల్లు ఖాళీగా ఉంది. రెండు గదులు, వంటిల్లు, వెనక బావి. మా వారు ఇంటివాళ్లతో మాట్లాడి ఎవరికీ ఇవ్వకుండా ఆపి ఉంచారు. ఊళ్లో వకీలు అడిగితే కాదనేవాళ్లు తక్కువ. మృణాళినికి ఆడపిల్లల హైస్కూలు ఉంది. త్యాగరాజు బడికి నాలుగడుగులు వేస్తే చాలు.

వాణ్ణి చూసి ఏడేళ్లయింది. మా ఇందుమతి బారసాలనాడు వాడికి రెండేళ్లు. ఉయ్యాల పట్టుకుని ‘పాప నాది’ అన్నాడు. ఆ మాట పట్టుకునే కదా నువ్వూ నేనూ అప్పటికప్పుడు తాంబూలాలు మార్చుకున్నాం. ఇప్పుడిది ఏడేళ్లది, బావ ఎట్లా ఉంటాడని అడుగుతోంది. నేనేం చెప్పను, నాకే తెలియదు.

అమ్మ ఇందుమతిని ఎత్తుకుని నాతో ఇక్కడికి వచ్చింది, మళ్లీ మద్రాసు ముఖం చూడలేదు. శంకరం వస్తాడా, సంతకం పెట్టాడా అని రోజుకు పదిసార్లు అడుగుతోంది. త్వరగా జవాబు రాయి.

నీ ఆడబిడ్డ,
సీత

·

మైలాపూరు,
25 జూన్ 1953

చి. సీతకు వదిన దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం వేసింది. రెండోసారి అనుమానం వేసింది. ఊరకే రారు మహానుభావులు అంటారు. నన్నడిగితే, ఊరకే రమ్మనరు కూడా.

కర్నూలు సంగతులు మాకూ తెలుస్తూనే ఉన్నాయి. మీ అన్నయ్య పక్క సీటు కృష్ణస్వామి పోయిన వారం ఇళ్లు వెతకడానికి వెళ్లి వచ్చాడు. ‘ఈడ బీచి గాలికి అలవాటుపడినోళ్లం, ఆడ రొంబ ఎండ సార్, గుడారంలో పడుకుంటే చెప్పులో తేలు’ అన్నాడట. అయినా అందరికంటే ముందు సంతకం పెట్టింది అతనే. పై మెట్టుకు ఆశపడని గుమాస్తాను ఇంతవరకు నేను చూడలేదు. మీ అన్నయ్యకూ ఆ పురుగే తొలుస్తోంది. ‘ఈడ ఉంటే రిటైరయ్యేదాకా ఇదే కుర్చీ. ఆడ పోతే సూపరింటెండెంటు’ అని అన్నం కలుపుకుంటూ గోడతో చెబుతున్నారు.

నాకు ఇష్టం లేదు సీతా. పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయి. త్యాగరాజు వెళ్లే బడిలాంటిది మీ ఊళ్లో ఉండదు. ఉందని నువ్వు రాసినా నమ్మను.

నాకు అర్థం కాని సంగతులు రెండున్నాయి. ఆ ఇల్లు నన్నొక్క మాట అడక్కుండా ఎందుకు ఆపి ఉంచారు? అత్తయ్యకు ఏడేళ్లుగా నీ దగ్గర లేని బెంగ ఇప్పుడెందుకు వచ్చింది? ఆవిణ్ణి నా ఇంటికి చేర్చే ఉద్దేశం ఉంటే సూటిగా రాయి. చేయించుకునే హక్కు ఆవిడకు ఉంది, చేసే ఓపిక నాకు ఉంది. కాని మధ్యలో రాజధానిని పెట్టి చుట్టూ తిప్పకు.

ట్రాములు ఆగిపోయాక ఇక్కడ బస్సులు కిక్కిరిసి వెళుతున్నాయి. మీ అన్నయ్య చొక్కా గుండీలు వారానికి రెండు కుడుతున్నాను. ఇందుమతికి ముద్దులు.

నీ వదిన,
లలితాంబ

·

కర్నూలు,
6 జూలై 1953

వదినా,

అమ్మ నాకు బరువైందని నీకెవరు చెప్పారు? నీ ఉత్తరం ఆవిడకు పైకి చదివి వినిపిస్తూ ఆ చోటికి వచ్చేసరికి నాలుక కరుచుకున్నాను. దగ్గు వచ్చినట్టు నటించి పేజీ తిప్పేశాను. ఆవిడ ఊరుకుందా? ‘లలిత ఏమో రాసింది, నువ్వు మింగేసినావు’ అని సాయంత్రం దాకా సాధించింది.

నా ఉద్దేశం చెప్పమన్నావు కనుక చెబుతాను. నాకు ఈ ఊళ్లో నా వాళ్లంటూ ఎవరూ లేరు. మా వారి బంధువులు మంచివాళ్లే, కాని నేను నోరు తెరిస్తే మద్రాసు యాస అని నవ్వుతారు. అన్నయ్య పక్క వీధిలో ఉంటే నాకు ధైర్యం. నా కూతురు రేపు వెళ్లవలసిన ఇంట్లో ఇప్పటినుంచే ఆడుకుంటుందని ఆశ. ఇందులో కుట్ర ఏముందో నువ్వే చెప్పు.

నాకూ ఒక అనుమానం ఉంది. త్యాగరాజు బడి అంత గొప్పది అంటావు, ఆ బడి పేరు మాత్రం ఎప్పుడూ రాయవు. ఈ నెల ఇరవైన ఇందుమతి పుట్టినరోజు. తొమ్మిదేళ్లవాడు అత్తకు రెండు ముక్కలు రాయలేడా? వాడి చేత్తో రాయించి పంపు. అంత గొప్ప బడి ఏం నేర్పిందో మేమూ చూస్తాం.

ఈ నెలాఖరులో మా వారు హైకోర్టు పని మీద మద్రాసు వస్తున్నారు. మీ ఇంటికి వచ్చి పిల్లల్ని చూసి వస్తారు.

సీత

·

మైలాపూరు,
15 జూలై 1953

చి. సీతకు దీవెనలు.

నువ్వడిగినట్టే త్యాగరాజు ఉత్తరం ఇందులో పెట్టాను. వాడికి తెలుగు రాయడం కొంచెం ఆలస్యం, తప్పులుంటే సర్దుకో. ఇందుమతికి పరికిణీ గుడ్డ వేరే పార్సెల్లో వస్తుంది. అంచు నేనే ఎంచాను.

అన్నయ్యగారు వస్తున్నందుకు సంతోషమే. కాని ఇంటివాళ్లు నెలాఖరులో సున్నాలు వేయిస్తామంటున్నారు. సామానంతా వాకిట్లో ఉంటుంది, మనిషి కూర్చునే చోటు ఉండదు. ఆయన ఏ హోటల్లోనో దిగి, మీ అన్నయ్యను కోటలో కలుసుకుంటే ఇద్దరికీ వీలుగా ఉంటుంది. ఈ మాట తప్పకుండా చెప్పు.

నీ వదిన,
లలితాంబ

(ఇందులో పెట్టిన కాగితం)

సీతత్తకు త్యాగరాజు నమస్కారములు. నేను బాగా చదువుచున్నాను. ఇందుమతికి పుట్టినరోజు దీవెనలు. సాయంత్రం బీచికి వెళ్లి బంతి ఆడుతాను. ఇంటికి వచ్చి పక్కింటి రేడియోలో పాటలు వింటాను. మామయ్యకు, అవ్వకు నమస్కారములు.

·

కర్నూలు,
2 ఆగస్టు 1953

లలితాంబగారికి సీత వ్రాయునది.

మా వారు నిన్న ఇల్లు చేరారు. మీరు రావద్దన్నా ఆయన మీ ఇంటికి వెళ్లారు. పిల్లనిచ్చే ఇంటికి వెళ్లడానికి అనుమతి కావాలని ఆయనకు తోచలేదు. మీ ఇంట్లో సున్నమూ లేదు, వాకిట్లో సామానూ లేదు.

త్యాగరాజు గడప మీద అటు తిరిగి కూర్చుని ఉన్నాడట. ఈయన మెట్టు దిగువన నిలబడి పేరు పెట్టి మూడుసార్లు పిలిచారు. వాడు తల తిప్పలేదు. ఎదురింటివాళ్లు తొంగి చూశారు గాని వాడు చూడలేదు. మీరు పరుగెత్తుకుంటూ వచ్చి వాణ్ణి రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయారు. కాఫీ ఇచ్చారు. వాడికి తలనొప్పి అన్నారు. లోపలి గదిలో మృణాళిని వాడికి ఏదో అరవంలో చెబుతూ, నోరు ఇంత సాగదీసి, పెదవులు వంకరలు తిప్పుతోందట. ఈయన మాట్లాడే తీరును వెక్కిరిస్తున్నదని ఎవరికైనా అర్థమవుతుంది. ‘మన మాటలంటే నవ్వులాటగా ఉంది వాళ్లకు. ఆ పిల్లవాడికి అంత పొగరు యాణ్ణుంచి వచ్చిందే’ అని ఈయన వచ్చినప్పటినుంచి అదే మాట.

ఇక ఆ ఉత్తరం. మృణాళిని ప్రతి ఉగాదికీ నాకు రాస్తుంది. ఆ పిల్ల చేతిరాత నాకు తెలియదా? ఎడమచేత్తో రాసినా ఒకటే, కుడిచేత్తో రాసినా ఒకటే. అత్తకు నాలుగు ముక్కలు రాయడానికి ఇష్టపడనివాణ్ణి రాసినట్టు చూపించడం దేనికి?

ఏడేళ్లలో మేం మూడుసార్లు మద్రాసు వస్తామన్నాం. ఒకసారి ఆటలమ్మ అన్నారు. ఒకసారి కొళాయి రావడం లేదన్నారు. ఒకసారి ఇల్లు మారుతున్నామన్నారు, మారలేదు. నాన్న తద్దినానికి ప్రతి ఏడూ అన్నయ్య ఒక్కడే ఇక్కడికి వచ్చి పెట్టి వెళుతున్నాడు. నిప్పు లేనిదే పొగ రాదు. మేము పల్లెటూరివాళ్లమని, మీ పిల్లలు మాతో కలవకూడదని మీరు నిశ్చయించుకున్నారు. అన్నయ్యను కూడా ఆ కాగితం మీద సంతకం పెట్టనివ్వకుండా పట్టుకున్నారు.

ఇక మీతో పని లేదు. అన్నయ్యకు ఆఫీసు అడ్రసుకే రాస్తాను.

సీత

·

మైలాపూరు,
9 ఆగస్టు 1953

సీతకు,

మీరు, గారు అని రాసినందుకు సంతోషం. నువ్వు పన్నెండేళ్ల పిల్లవు, నీకు జడ వేయడంతోనే నా కాపురం మొదలైంది. ఇప్పుడు గారునయ్యాను.

మృణాళిని ఎవరినీ వెక్కిరించలేదు. త్యాగరాజుకు పొగరు లేదు. ఇంతకంటే నేను చెప్పేది ఏమీ లేదు. ఉత్తరం విషయం ఒప్పుకుంటున్నాను, అది వాడు రాసింది కాదు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు. నువ్వు ఆ సగంతో తృప్తిపడేట్టు లేవు. మీ అన్నయ్యకు ఆఫీసుకు రాయకు. నా ఇంటి మంచిచెడ్డలు కోటలో ప్యూను చేతుల మీదుగా నడవడం నాకు ఇష్టం లేదు. ఆ కాగితం మీద ఏం రాయాలో ఈ ఇంట్లో ఉన్న నలుగురం తేల్చుకుంటాం.

లలితాంబ

·

కర్నూలు,
20 ఆగస్టు 1953

లలితాంబగారికి,

మీరు రాయవద్దన్న ఉత్తరం అప్పటికే రాసేశాను. జవాబు కూడా వచ్చింది. అన్నయ్య పదిహేడో తారీఖున కర్నూలుకు సంతకం పెట్టి కాగితం ఇచ్చేశాడట. మీతో ఇంకా చెప్పలేదనీ, మెల్లగా చెబుతాననీ రాశాడు. నేనే చెబుతున్నాను. దాపరికం మా ఇంట్లో అలవాటు లేదు.

అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టించింది. ఆ ఇల్లు కడిగించి, బావిలో పూడిక తీయిస్తున్నాము. మా వారు ఎంత కోపంగా ఉన్నా హెడ్మాస్టరుతో మాట్లాడారు. త్యాగరాజును నాలుగో తరగతిలో కూర్చోబెట్టి, ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతారట. తెలుగులో జవాబు చెబితే చాలునట. అదైనా నేర్పి తీసుకురండి.

సీత

·

మైలాపూరు,
26 ఆగస్టు 1953

సీతా,

నీ ఉత్తరం చూసి ఆయన్ని అడిగాను. అవునన్నారు. ఎందుకు చెప్పలేదంటే ‘నువ్వు ఏడుస్తావని’ అన్నారు. నేను ఏడవలేదు. కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది అత్తయ్యకు చదివి వినిపించేముందు నువ్వొక్కదానివే చదువు.

త్యాగరాజుకు చెవులు వినిపించవు. చెప్పడానికి ఇంతే. ఆరేళ్లుగా ఈ ఒక్క ముక్క రాయలేకపోయాను.

వాడికి మూడో ఏడు నడుస్తుండగా తొమ్మిది రోజులు జ్వరం కాసింది. మెదడుకెక్కిందన్నారు. బతికాడు, మొక్కు తీర్చుకున్నాం. తరువాత ఒకరోజు వాడు ఆడుకుంటున్న చోటికి వెనకగా ఇత్తడి బిందె జారి పడింది. పక్కింటివాళ్లు అరిచారు. వీడు కదల్లేదు. పెద్దాసుపత్రిలో చూసి, ఇది బాగయ్యేది కాదన్నారు. అప్పటికి వాడు గలగలా మాట్లాడేవాడు, నీకు తెలుసు. తనకు వినబడనివాడు ఎంతకాలం మాట్లాడతాడు? ఏడాదిలో ఒక్కో మాటా పోయింది. అక్క పోయింది, అన్నం పోయింది. అన్నిటికంటే ఆఖరున నీళ్లు అన్న మాట పోయింది. ఆ తరువాత దాహమేస్తే నా కొంగు పట్టుకుని లాగేవాడు. తాతగారి పేరని త్యాగరాజు అని పెట్టుకున్నాం. ఆ పేరు పెట్టి మైలాపూరులో ఎవరు పలకరించినా, పాట నేర్పిస్తున్నారా అని అడుగుతారు.

నీకు రాద్దామని కలం పట్టుకుంటే మీ అన్నయ్య ఆపారు. ‘కొన్నాళ్లు చూద్దాం. సీతకు తెలిస్తే మాట తిరిగిపోతుంది. అమ్మ నీ పుట్టింటివాళ్లను అంటుంది’ అన్నారు. నాకూ ఆ భయమే ఉంది కనుక ఊరుకున్నాను. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు. ఆ పెళ్లికి ఇంకా పదేళ్లుంది, నా వెయ్యీ అయిపోయినట్టున్నాయి. ఆటలమ్మ అబద్ధం. కొళాయి అబద్ధం. నువ్వు బాగానే లెక్కపెట్టావు.

శాంథోం వైపు ఇలాంటి పిల్లల బడి ఒకటి ఉంది. నాలుగేళ్లుగా అక్కడికే పంపుతున్నాను. సెలీనా అని ఒక టీచరమ్మ. వీడి ముఖం ముందు కొవ్వొత్తి పెట్టి, ‘ప’ అంటే వెలుగు ఊగాలి, ‘మ’ అంటే ఊగకూడదు అని నేర్పింది. ఆ ఒక్క ముక్కకు నాలుగు నెలలు పట్టింది. మన పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. ఇప్పటికి నూట పన్నెండు మాటలు పలుకుతాడు. అన్నీ తమిళం. ఆ టీచరమ్మకు వచ్చింది తమిళం, బడిలో అందరిదీ తమిళం. ‘ఒకే ఒక్క భాష అమ్మా, ఇంట్లో కూడా అదే. రెండు కలిపితే బిడ్డకు రెండూ పోతాయి’ అని చేతిలో చెయ్యి వేయించుకుంది. అప్పటినుంచి వాడు అటు తిరిగి ఉన్నప్పుడే ఈ ఇంట్లో మేం తెలుగు మాట్లాడుకుంటాం. నీ మేనల్లుడి వెనక చాటుగా మాట్లాడుకునే భాష అయిపోయింది, మన భాష.

అన్నయ్యగారు చూసింది ఇదే. మృణాళిని నోరు సాగదీసింది, మామయ్య వచ్చారని తమ్ముడికి చెప్పడానికి. ఆయన మంచి మనిషి, ఆయన్ని అలా పంపించినందుకు ఆ పూట నేను అన్నం తినలేదు. ఆ ఉత్తరం నేను చెప్పి రాయించిందే. రేడియో మాట ఒక్కటి మాత్రం మృణాళిని తన తెలివితో చేర్చింది. ‘అందరి పిల్లలూ వింటారు కదమ్మా, అదీ రాస్తే అత్త నమ్ముతుంది’ అంది. దాని వీపు మీద ఒక్కటి వేశాను. ఆ తరువాత అది ఏడ్చినంతసేపూ నేనూ ఏడ్చాను.

ఇప్పుడు చెప్పు. కర్నూలు వస్తే వాణ్ణి ఏ హెడ్మాస్టరు ముందు కూర్చోబెట్టను? అక్కడి పెదవులు వాడికి ఒక్కటీ తెలియవు. నాలుగేళ్ల కష్టం నాలుగు నెలల్లో పోతుంది. ఈసారి మాటలు పోతే తిరిగి రావని సెలీనా చెప్పింది.

సంతకం మార్చుకోవాలనుకునేవాళ్లకు సెప్టెంబరు పదిహేను దాకా గడువు ఇచ్చారు. నేను చెబితే ఆయన వినడం లేదు. నువ్వు రాస్తే వేశారు కదా సంతకం, నువ్వే రాసి తీయించు. ఇందుమతి సంగతి నీ ఇష్టం. ఏం నిర్ణయించుకున్నా నిన్ను ఒక్క మాట అనను.

లలితాంబ

·

కర్నూలు,
3 సెప్టెంబరు 1953

వదినా,

నాకు మొదట వచ్చింది కోపం. ఆరేళ్లు. పరాయివాళ్ల దగ్గర దాచినట్టు దాచారు. ఆ కోపం ఇంకా ఉంది, లేదని అబద్ధం రాయను.

రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇంకా నయం, పెళ్లి కాకముందే తెలిసింది అనుకున్నాను. గుండె మీది బరువు దిగినట్టు ఊపిరి తీసుకున్నాను కూడా. మీరిద్దరూ దేనికి భయపడ్డారో నేను సరిగ్గా అదే చేశాను. నన్ను అనుమానించారని నిన్ను అన్ని మాటలు అన్నాను గాని, నీ అనుమానంలో తప్పు లేదు.

మా వారికి ఉత్తరం ఇచ్చాను. కోర్టు కోటు విప్పకుండా అరుగు మీదే కూర్చుని చదివారు. ‘ఊరంతా తిరిగి చెప్పుకుంటినే, పొగరుబోతు పిల్లడని’ అన్నారు. అంతే.

అమ్మతో చెప్పక తప్పలేదు. నీ పుట్టింటివాళ్లను ఏమీ అనలేదు. ‘తద్దినం పెట్టడానికొచ్చి, బిడ్డ బాగా చదువుతున్నాడని ప్రతి ఏడూ నా ముఖం చూసి చెప్పినాడే శంకరం’ అని ఒకటే మాట. ఒక పూట తినలేదు. మర్నాడు ట్రంకుపెట్టె దించమంది. మనవడి దగ్గరికి వెళతానంటోంది. ‘ఈడ ఇందుమతికి నువ్వున్నావు. ఆడ లలిత ఒక్కతే’ అంది. పదహారో తారీఖున మా వారు తీసుకొస్తారు. ఆవిణ్ణి నీ మీదికి తోసేస్తున్నానని నువ్వు మళ్లీ అనుకోవచ్చు. అనుకో, పరవాలేదు.

అన్నయ్యకు రాశాను. సంతకం తీసెయ్యమని, కర్నూలు రావద్దని. రమ్మని రాసినదానికంటే గట్టిగా రాశాను. ఆ ఇల్లు ఎవరికైనా ఇచ్చుకోమని ఇంటివాళ్లకు చెప్పేశాం.

ఇందుమతి మాట. ఇప్పుడు అవునని రాస్తే నన్ను నేనే నమ్మను. కాదని రాయడానికి చెయ్యి రావడం లేదు. అది పెద్దదవనీ. అంతవరకు మన ఇద్దరిలో ఎవరమూ ఆ మాట ఎత్తవద్దు.

సీత

·

మైలాపూరు,
30 సెప్టెంబరు 1953

చి. సీతకు వదిన దీవెనలు.

అత్తయ్య క్షేమంగా ఉన్నారు. సెలీనా ఎంత చెప్పినా వినకుండా త్యాగరాజుతో రోజంతా తెలుగే మాట్లాడుతున్నారు. వాడు ఆవిడ పెదవులు చూడడం మానేసి చేతులు చూస్తున్నాడు. ఇద్దరూ ఎలా తెలుసుకుంటున్నారో తెలియదు గాని, పెరుగన్నం కావాలో చారన్నం కావాలో నాకంటే ముందు ఆవిడకే తెలుస్తోంది.

మీ అన్నయ్య సంతకం తీయలేదు. నువ్వు రాసిన ఉత్తరం జేబులో పెట్టుకుని పది రోజులు తిరిగారు. పదిహేనో తారీఖు సాయంత్రం మామూలు వేళకే ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నారు. అడిగాను. ‘అక్కడ జీతం పెరుగుతుంది. వాడి బడికి పనికొస్తుంది. మీరు ఈడనే ఉండండి’ అన్నారు. చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అయినా నాకు నమ్మకం చిక్కలేదు. ఈ నాలుగేళ్లలో ఆయన ఒక్కరోజు కూడా వాణ్ణి బడికి తీసుకువెళ్లలేదు. వీధిలో వాడితో నడిస్తే పది అడుగులు ముందు నడుస్తారు. ఇంట్లోనూ వాడితో ఏమైనా చెప్పాలంటే మృణాళినిని పిలుస్తారు. ఆయన కర్నూలు ఉద్యోగానికి వెళుతున్నారా, లేక వీడికి దూరంగా వెళుతున్నారా? పదహారేళ్లు కాపురం చేసి కూడా ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలియదు. అడిగితే ఆయనకూ తెలియదనుకుంటాను.

పోయిన వారం సెంట్రల్ స్టేషన్‌కు అందరం వెళ్లాం. ఆఫీసువాళ్లకు రెండు పెట్టెలు వేశారు. కిటికీల నిండా తెలిసిన ముఖాలే. కృష్ణస్వామి మరచెంబు నింపుకుని వచ్చి మీ అన్నయ్య పక్కన కూర్చున్నాడు. ఆయన కిటికీలోంచి అత్తయ్యకు మందులు చెప్పారు, మృణాళినికి చదువు చెప్పారు, నాకు ఇంటద్దె చెప్పారు. గార్డు ఈల వేశాడు.

అప్పుడు వీడు అరిచాడు. ‘అప్పా, ఎప్పో వరువే’ అని. నాన్నా, ఎప్పుడొస్తావని. మూడు మాటలు కలిపి పలకడం నేనదే మొదటిసారి వినడం. వాడి గొంతు వాడికి వినబడదు, దానికి హద్దు లేదు సీతా. ప్లాట్‌ఫారం సగం తిరిగి చూసింది. కిటికీల్లో ఉన్నవాళ్లందరూ చూశారు. నేను వాడి నోరు మూయబోయాను. ఇన్నేళ్ల అలవాటు.

మీ అన్నయ్య బండి దిగారు. కృష్ణస్వామి ‘సార్ సార్’ అంటున్నాడు. ఆయన ఇస్త్రీ పంచెతో వాడి ఎదుట ప్లాట్‌ఫారం మీద గొంతుక్కూర్చుని, వాడి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, నోరంతా తెరిచి ఒక్కో అక్షరం పలికారు. దీపావళిక్కు వరేన్. దీపావళికి వస్తానని. వాడికి మొదట అందలేదు. మళ్లీ చెప్పారు. మూడోసారికి అందింది, తల ఊపాడు. పద్దెనిమిదేళ్లుగా పక్క సీట్లో కూర్చున్న కృష్ణస్వామికి మీ అన్నయ్య కొడుకు సంగతి ఆ పూటే తెలిసింది. బండి కదులుతుంటే పరుగెత్తి ఎక్కారు.

ఆ మాట మనసులోంచి వచ్చిందో, బండి కదులుతున్న తొందరలో వచ్చిందో నేను చెప్పలేను. అత్తయ్య ‘వస్తాడు, వస్తాడు’ అంటున్నారు గాని, ఆవిడ కన్నతల్లి కదా. వీడు మాత్రం పూర్తిగా నమ్మాడు. రోజూ బడి నుంచి రాగానే క్యాలెండరు దగ్గరికి నన్ను లాక్కుపోయి, ఇంకా ఎన్ని అని వేళ్లు చూపిస్తున్నాడు.

ఆయన గుడారం మీ ఇంటికి ఎంత దూరమో నాకు తెలియదు. ఎంత దూరమైనా సరే, నవంబరు మొదట్లో నువ్వు స్వయంగా వెళ్లి ఆయన్ని బండెక్కించు. సెలవు దొరకలేదంటే నమ్మకు. ఇదొక్కటీ నాకోసం చెయ్యి. సెలీనా ఇంతవరకు వాడికి వస్తారు అన్న మాట నేర్పింది. రారు అన్న మాట ఇంకా నేర్పలేదు.

నీ వదిన,
లలితాంబ